భేరితో వచ్చిన వియ్యంకులు

మా ఇంటికి ఆదివారం భోజనానికి వచ్చే పిల్లలు, ఉద్యోగానికి బ్లూ కార్డు మీద వచ్చినవాళ్ళయినా, మాస్టర్స్ చదువుకు వచ్చినవాళ్ళయినా, నేను జర్మనీలోని కొలోన్‌లో ఒక మ్యూజియంలో పనిచేసి రిటైరయ్యానని వినగానే "టికెట్ కౌంటర్లోనా ఆంటీ?" అని అడుగుతారు. కాస్త మొహమాటం ఉన్నవాళ్ళు "గైడా ఆంటీ?" అంటారు. రెండూ కాదని చెప్పి నా పని గురించి మొదలుపెడితే పప్పుచారు చల్లారిపోతుంది. అందుకే ఒక్కసారి కూర్చుని రాస్తున్నాను. ఇకమీద ఎవరడిగినా ఈ కాగితాలు చేతిలో పెట్టి నేను వడ్డన చూసుకుంటాను.

పెళ్ళికి పొరుగింటి నుంచి ఎరువు తెచ్చుకున్న నగ ఉంటుంది చూడండి, దాని మీద ఇంట్లో ఒక మనిషి కన్నేసి ఉంచాలి. ఎవరి మెడలో ఉంది, కొక్కెం వదులైందా, తిరిగి ఇచ్చేటప్పుడు రాళ్ళన్నీ ఉన్నాయా అని. మా మ్యూజియంలో ఆ మనిషిని నేను. ఎగ్జిబిషన్ కోసం ఏ దేశం నుంచో ఒక వస్తువు అరువు వస్తే అది క్షేమంగా రావాలి, క్షేమంగా ఉండాలి, క్షేమంగా పోవాలి. మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నా ఉద్యోగ జీవితంలో నేను అందరికంటే ఎక్కువసార్లు అన్న మాట "ముట్టుకోకండి" అనేదే.

రిటైర్మెంట్ దగ్గర పడుతున్న రోజుల్లో మాకు ఒక కొత్త క్యూరేటరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, జర్మనే, డాక్టరేటు చేసింది, మనిషి పుల్లలా ఉండేది. ఉద్యోగం పర్మనెంటు కాదు. ఈ ఎగ్జిబిషన్ బాగా జరిగితే కాంట్రాక్టు పొడిగిస్తామని పైవాళ్ళు చెప్పారు. ఆ అమ్మాయి ఎంచుకున్న విషయం, మలేషియా తూర్పు తీరంలో ఒక నది సముద్రంలో కలిసేచోట ఉన్న పాత చెక్క మసీదు.

మసీదంటే మన కళ్ళముందు గుమ్మటం, మినార్లు కదులుతాయి. దీనికి రెండూ లేవు. ఫోటో చూసి నేను మొదట కోనసీమలో ఏదో పాత మండువా ఇల్లనుకున్నాను. ఒకదానిమీద ఒకటి పెంకుల కప్పులు, కింద వరదనీళ్ళు పోవడానికి మనిషెత్తు స్తంభాలు, ఎక్కడా ఇనుప మేకన్నది లేదు. కట్టించింది ఇద్దరు. ఒకాయన పడవలు కట్టే ఆసామి. ఆయన దగ్గర మంచి కలప ఉంది, జాగా లేదు. ఇంకొకాయన పట్టుబట్టల వర్తకుడు. ఆయనకి జాగా ఉంది, కలప లేదు. మసీదు నేను కట్టిస్తానంటే నేను కట్టిస్తానని ఇద్దరూ ఏళ్ళ తరబడి పోటీపడి, ఇద్దరూ కట్టలేదు. చివరికి పడవల ఆయన కొడుక్కీ, బట్టల ఆయన కూతురికీ పెళ్ళి కుదిరింది. తాటాకు పందిట్లో నిఖా జరుగుతుండగా వాన కుమ్మేసి పెళ్ళివాళ్ళందరూ తడిసి ముద్దయ్యారట. ఆ తడిలోనే ఇద్దరు పెద్దమనుషులూ చేతులు కలిపి, వచ్చే వానలకల్లా మసీదు లేవాలనుకున్నారు. లేచింది. మిగిలిన దుంగని తొలిచి, వర్తకుడి ఇంటి దున్నపోతు తోలు బిగించి, నమాజు వేళ తెలియడానికి ఒక పెద్ద భేరి కూడా చేయించారు. అప్పటినుంచి తరానికొక పెళ్ళయినా ఈ రెండిళ్ళ మధ్యే జరగాలని ఆనవాయితీ. మసీదు బాగోగులూ ఈ రెండిళ్ళవాళ్ళవే.

ఆ భేరిని మేము అరువు అడిగాం. ఎగ్జిబిషన్‌కి అదే ప్రాణం.

క్యూరేటరమ్మ ముందుగా పడ్డ కష్టం వంశవృక్షం గీయడం. ఒకరోజు నా గదిలోకి వచ్చి కాగితం బల్లమీద పరిచింది. "చెట్టు కొమ్మలు విడిపోతూ పైకి పోవాలి కదా. ఇవి మళ్ళీ మళ్ళీ వచ్చి ఒకదాన్నొకటి వాటేసుకుంటున్నాయేంటి?" అంది.

"మాలోనూ అంతే. మా అమ్మమ్మ, మా నాన్నకి మేనత్త," అన్నాను.

ఆ అమ్మాయి కాగితం వదిలేసి, అద్దాల పెట్టెలో కొత్త వస్తువుని చూసినట్టు నన్ను చూసింది. నేను వెంటనే కాఫీకి లేచాను.

మామూలుగా అరువు వస్తువుతో పాటు దాని సొంతదారుల తరఫున ఒక మనిషి తోడు వస్తాడు. ఈ భేరికి ఇద్దరొస్తామన్నారు. పడవల ఇంటి నుంచి ఒకరు, బట్టల ఇంటి నుంచి ఒకరు. ఎందుకిద్దరని అడిగితే, ఆ రెండో ఇంటి మనిషొక్కడికే భేరిని అప్పగించలేమని ఇటువాళ్ళూ అటువాళ్ళూ విడివిడిగా చెప్పారు. సరే, ఇద్దరికీ టికెట్లు తీశాను.

వాళ్ళు దిగిన రోజు కొలోన్‌లో కార్నివాల్ మొదలయ్యే నవంబరు రోజు. ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఊరు ఊరంతా వేషాలు కట్టి వీధుల్లో పడుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు నుంచి భేరి పెట్టెతో బయలుదేరిన లారీ మా మ్యూజియం సందులో జోకర్ల మధ్య ఇరుక్కుపోయింది. వెనక సీట్లోంచి అటొక ముసలాయన, ఇటొక ముసలాయన దిగారు. ముందు నుంచి డ్రైవరు దిగి, "ఇంత నిశ్శబ్దమైన ప్రయాణం నా జన్మలో చేయలేదమ్మా" అన్నాడు.

ఒకాయన పొడుగ్గా, ఎండిన చెక్కలా ఉన్నారు. పడవలు కట్టే వంశం. ఇంకొకాయన బొద్దుగా, తెల్లగడ్డంతో, హెడ్మాస్టరు చేసి రిటైరైనవారు. బట్టల వర్తకుడి వంశం. ఇద్దరూ పాంటు మీద జరీ లుంగీ చుట్టి, నల్లటి టోపీలు పెట్టుకున్నారు. తేనెటీగ వేషంలో ఉన్న ఒకావిడ పరుగున వచ్చి, ఈ ఏడు చూసిన వేషాలన్నిట్లోకీ మీదే గొప్పగా ఉందని పొడుగాయన టోపీకి కాగితం పువ్వు గుచ్చిపోయింది.

ఆయన పువ్వు తీసి చేత్తో పట్టుకుని, "మేడమ్, వీళ్ళెవరు?" అని ఇంగ్లీషులో అడిగారు.

"బ్యాంకు ఆఫీసర్లండీ. ఈ ఒక్కరోజు ఇలా ఉంటారు," అన్నాను.

పెట్టె లోపలికి వచ్చింది. దూరప్రయాణం చేసిన చెక్కవస్తువుని వెంటనే విప్పకూడదు. లోపలి గాలికి అలవాటు పడేవరకు ఒక రోజు మూతపెట్టి ఉంచాలి. ఆ మాట చెబితే హెడ్మాస్టరుగారు "భేరికి కూడా జెట్ ల్యాగా?" అన్నారు. కానీ ఇద్దరూ హోటలుకి పోలేదు. పెట్టెకి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను ఇంటినుంచి అన్నం, చేపల పులుసు తెచ్చిపెట్టాను. బాగుందని ఇద్దరూ నాకు చెప్పారు. ఒకరితో ఒకరు మాత్రం మాట లేదు. ఉప్పు కావాలంటే "మేడమ్, ఆ మనిషి దగ్గర ఉప్పుంది" అనేవారు. ఉప్పు డబ్బా చేతికందే దూరంలో ఉన్నా సరే, నేను లేచి అందివ్వాలి.

మా వర్క్‌షాపు పెద్ద ఒకాయన ఉండేవాడు. అచ్చమైన కొలోన్ మనిషి. పెట్టెలు విప్పడంలో మేమిద్దరం ఏళ్ళ తరబడి జోడీ. ఆయన తలుపు దగ్గర నిలబడి కాసేపు ఈ వరస చూసి, నా చెవిలో, "వీళ్ళు విడాకులు తీసుకున్న మొగుడూ పెళ్ళాలా?" అన్నాడు.

నాకూ ఆత్రంగానే ఉంది. పొడుగాయన చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు హెడ్మాస్టరుగారిని అడిగాను, ఆయన మీకేమవుతారని.

"నా బెసాన్," అన్నారాయన, పుల్లటిది కొరికినట్టు మొహం పెట్టి.

"అంటే?"

"నా కూతురు వాళ్ళ అబ్బాయిని చేసుకుంది. కాబట్టి అతను నాకు బెసాన్. నేను అతనికి బెసాన్."

"ఓహో, వియ్యంకులా!" అన్నాను తెలుగులోనే. లారీలో మౌనం, ఉప్పు డబ్బా, రెండు టికెట్లు, అన్నీ ఒక్క మాటతో అర్థమైపోయాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ దేశంలో ఇన్నేళ్ళున్నా నాకు తెలిసిన తగాదా ఒక్కటీ ఎదురుపడలేదు. ఇప్పుడు ఖండాలు దాటి నా గోడౌన్‌లోకి వచ్చింది.

తగాదా దేనికంటే, పైకి చెప్పే కారణం మసీదు కప్పు. పాత పెంకులు కారుతున్నాయి. పొడుగాయన మళ్ళీ అలాంటి పెంకులే కాల్చి వేయాలంటారు. హెడ్మాస్టరుగారు రేకులు వేసి పైన పెంకుల రంగు కొడదామంటారు. ఇది మ్యూజియం వాళ్ళకి చెప్పే కారణం. అసలు కారణం పొడుగాయన మర్నాడు నాకు విడిగా చెప్పారు. "పెళ్ళిలో నన్ను జనరేటర్ పక్కన కూర్చోబెట్టారు మేడమ్. పిల్లాడి తండ్రిని. భోజనమంతా డీజిల్ వాసన."

అయ్యో అన్నాను. నిజంగానే అన్నాను. మా చిన్నాన్నగారు పెళ్ళిలో ఆలస్యంగా కాఫీ ఇచ్చారని బతికినంతకాలం చెప్పుకున్నారు. అలాంటిది జనరేటరంటే చిన్న సంగతా?

భేరి బయటికొచ్చింది. నల్లగా, బరువుగా, ఒక పక్క చేతులు తగిలి తగిలి నునుపుదేరి ఉంది. ఎక్కడ గీత ఉంది, ఎక్కడ బీట ఉంది, అన్నీ చూసి రాసుకున్నాను. అదంతా అయ్యాక నేను సంతకం పెడితే భేరి మా సంరక్షణలోకి వస్తుంది. అంతవరకు అది వాళ్ళదే. ఇంకా హాల్లో లైట్లు సరిచేయాలి కనక సంతకం ప్రారంభోత్సవం పొద్దునకి అట్టేపెట్టాను.

ముందురోజు, శనివారం మధ్యాహ్నం, అన్నీ ఒకసారి చూసుకోవడానికి చేరాం. క్యూరేటరమ్మ, వర్క్‌షాపు పెద్ద, ఇద్దరు వియ్యంకులు, నేను. వీళ్ళతో పాటు హైదరాబాదు ఉప్పల్ నుంచి బ్లూ కార్డు మీద వచ్చిన ఇంజనీరు ఒకతను. వంశవృక్షం చూపించే టచ్ స్క్రీన్ అతని కంపెనీ చేసింది. అతను ఆరోజు ఉత్సాహంగా ఉన్నాడు. "టెర్మిన్ దొరికింది ఆంటీ, వీసా ఆఫీసుల అపాయింట్‌మెంటు! భార్య వీసా పని ఇగ అయిపోతది," అని రాగానే శుభవార్త చెప్పాడు.

హెడ్మాస్టరుగారు స్క్రీన్ ముందు నిలబడి కళ్ళజోడు సర్దుకుని, తన ముత్తాత బొమ్మ మీద వేలు పెట్టారు. బొమ్మ పక్కన టక్కున ఒక బస్తా లేచింది. మూతి విప్పి ఉంది, లోపల పచ్చటి పిండి.

ఆ తరవాత ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నా, నా చెవులకి ఇలా వినిపించింది.

"ఇదేమిటి బాబూ?"

"బేసన్, అంకుల్!"

"అవును, బెసాన్." ఆయన సంతోషంగా తలూపి పడవల ఆయన బొమ్మ చూపించారు. "ఆయనకి ఈయన బెసాన్."

"గదే అంకుల్. ఈయన బేసన్."

"మరి బస్తా ఎందుకు?"

"బేసన్ బస్తాలనే గద అంకుల్ వచ్చేది."

హెడ్మాస్టరుగారు కాసేపు ఆలోచించారు. "మావైపు బెసాన్ పడవలో వచ్చేవారు," అన్నారు.

"పడవల గూడ బస్తాలే ఏస్తరు గద అంకుల్!"

ముందుకు వెళ్ళి స్క్రీన్ మీది జర్మన్ చదివాను. 'కిషర్‌ఎర్బ్‌సెన్‌మేల్‌హెండ్లర్' అని ఒక మాట గూడ్సు బండిలా సాగి ఉంది. దాని అర్థం శనగపిండి వర్తకుడు. పడవలు కట్టే ఆసామీ, ఒక శనగపిండి వర్తకుడూ కలిసి కట్టించిన మసీదు అని రాసి ఉంది.

జరిగింది ఇది. హెడ్మాస్టరుగారు పంపిన ఇంగ్లీషు చరిత్రలో "పడవల ఆసామీ, ఆయన besan కలిసి కట్టించారు" అని ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో వాళ్ళ బెసాన్, హిందీ బేసన్ ఒకేలా ఉంటాయి. మెషిన్ దాన్ని శనగపిండి అని జర్మన్‌లోకి మార్చింది. మన హైదరాబాదు అబ్బాయి అది చూసి, కరెక్టే కదా అనుకుని బస్తా బొమ్మ కూడా పెట్టాడు. పడవల ఆసామీ, ఆయన శనగపిండీ కలిసి మసీదు కట్టడమేమిటని క్యూరేటరమ్మకి అనుమానం వచ్చింది. ఆయన వర్తకుడని ఎలాగూ తెలుసు, కాబట్టి శనగపిండి వర్తకుడై ఉంటాడని తనకు తానే దిద్దేసింది. అందరూ ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేశారు.

"ఏం రాసుంది మేడమ్?" హెడ్మాస్టరుగారు అడిగారు.

అబద్ధం చెబుదామా అని ఒక క్షణం అనిపించింది. ప్రారంభోత్సవానికి జర్మన్ చదవగలిగే మలేషియా ఎంబసీ వాళ్ళొస్తారు. దాగదు. చెప్పేశాను.

హెడ్మాస్టరుగారి మొహం తెల్లబోయింది. గొంతు లేచింది మాత్రం వెనక నుంచి. పొడుగాయన హాలు అవతలి నుంచి పెద్దపెద్ద అంగలేసుకుంటూ వచ్చారు.

"శనగపిండా? మా ముత్తాత తన కొడుక్కి శనగపిండి ఇంటి సంబంధం చేశాడా? వీళ్ళ పట్టు తీరం తీరమంతా వెళ్ళేది. సుల్తాన్ ఇంటి పెళ్ళిళ్ళకి వీళ్ళ దుకాణం నుంచే బట్టలు. వీళ్ళకి పిల్లాడిని ఇవ్వడానికి మావాళ్ళు ఎంత తిరిగారో మీకు తెలుసా?"

"మీరు కాస్త..." అన్నాను.

"నేను ఆయన్ని ఏమైనా అంటాను. అది మా ఇంటి సంగతి. పిండి అనడానికి మీరెవరండీ?"

శనగపిండి అమ్మితే తప్పేమిటని మీరడగొచ్చు. ఏమీ లేదు. కానీ వియ్యంకుడి ఇంటిని తక్కువ చేస్తే మన ఇంటి ఎంపికని తక్కువ చేసినట్టే. ఆ సూక్ష్మం పొడుగాయనకి క్షణంలో తట్టింది. హెడ్మాస్టరుగారు ఆయన వైపు తిరిగి చూశారు. పెళ్ళినాటి నుంచి మొదటిసారి సూటిగా చూసి ఉంటారు.

"భేరి వెనక్కి పోతుంది," అన్నారు పొడుగాయన.

"పోతుంది," అన్నారు హెడ్మాస్టరుగారు.

వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. క్యూరేటరమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. భేరి లేకపోతే హాలు మధ్యలో ఖాళీ గద్దె. ఎగ్జిబిషన్ పోతుంది, దాంతో కాంట్రాక్టూ పోతుంది.

హైదరాబాదు అబ్బాయి నా పక్కకొచ్చి గుసగుసగా, "నాకేమెర్క ఆంటీ? మా ఇంట్ల మిర్చీలకు కలిపేది బేసనే గద," అన్నాడు.

"అది కాదయ్యా. వాళ్ళ భాషలో ఆ మాటకి వియ్యంకుడని అర్థం. వియ్యంకుడంటే తెలుసుగా?"

"తెల్వకేంది! మా నాయిన ఆయన వియ్యంకునితోని మాట్లాడక రెండేండ్లాయె." అని ఒక్కసారి ఆగి, తెరమీది బస్తాకేసి చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అయ్యో! వియ్యంకుని మీద పిండి బస్తా పెట్టిన్నా నేను?"

అతనికి ఇంకేమీ వివరించక్కర్లేకపోయింది. క్యూరేటరమ్మకి వివరించడం కష్టమైంది.

"పిల్ల తండ్రి, పిల్లాడి తండ్రి. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు?" అన్నాను.

ఆమె ఆలోచించింది. "ఏమీ కారు," అంది.

"క్రిస్మస్‌కి కలుస్తారు," అన్నాడు వర్క్‌షాపు పెద్ద, సాయం చేస్తున్నట్టు.

వాళ్ళన్నది నేను ఇద్దరు పెద్దమనుషులకీ ఇంగ్లీషులో చెప్పాను. ఈ దేశంలో వియ్యంకులకి చుట్టరికం లేదండీ, దానికి మాట కూడా లేదు, అందుకే ఈ పొరపాటు జరిగింది, అన్నాను. ఇద్దరి కోపమూ సగంలో ఆగిపోయింది. క్యూరేటరమ్మని చూశారు. తల్లీదండ్రీ లేని పిల్లని చూసినట్టు చూశారు.

"ఏమీ కారా? మరి పెళ్ళిలో ఎవరితో పోట్లాడతారు?" అన్నారు హెడ్మాస్టరుగారు.

వర్క్‌షాపు పెద్దకి ఏదో గుర్తొచ్చింది. "ఆగండాగండి, ఒక మాటుంది. ష్విప్‌ష్వాగర్!" అన్నాడు.

"అది వేరే. భార్య చెల్లెలి భర్తని అలా అంటారు," అంది క్యూరేటరమ్మ నీరసంగా.

"అయితే అది తోడల్లుడు," అన్నాను నేను.

"ఏమన్నాడాయన?" అన్నారు పొడుగాయన. వర్క్‌షాపు పెద్ద గట్టిగా మళ్ళీ అన్నాడు. పొడుగాయన దాన్ని పలకబోయారు. "ష్విప్... ష్వాప్..." ఆయన నోట్లో అది నీళ్ళలో పడ్డ చెప్పులా చప్పుడు చేసింది. హెడ్మాస్టరుగారికి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశారు గానీ పొట్ట ముందే కదిలిపోయింది. పొడుగాయన కూడా పళ్ళు బయటపెట్టారు.

నేను ఆ సందు చూసుకుని కుర్చీలు లాగాను. "జర్మన్‌లో ఏం రాయాలో మీరిద్దరే చెప్పండి. ఈ అమ్మాయి మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తుంది. మాట మాత్రం మీ మాటే ఉంచుదాం, బెసాన్ అని," అన్నాను.

కూర్చున్నారు. మొదటి వాక్యంలోనే మళ్ళీ చిక్కు. ఎవరి పేరు ముందు రాయాలి? ఆరు నెలలుగా క్యూరేటరమ్మ వాళ్ళతో పడుతున్న యుద్ధం ఇదే. మా పేరు ముందుండాలని ఇద్దరూ పట్టుబట్టేవారు. ఇప్పుడు పొడుగాయన, "ముందు వీళ్ళదే రాయండి. పిండివాళ్ళు కారని అందరికీ తెలియాలి," అన్నారు. "అదెలా? ముందు లేచింది స్తంభాలు. వీళ్ళ పేరే ముందు," అన్నారు హెడ్మాస్టరుగారు. మీదంటే మీదని గొంతులు లేచాయి. మునుపటికంటే ఇదే పెద్ద గొడవగా ఉంది.

ఆ మధ్యలోనే జనరేటర్ బయటపడింది. "మీరెప్పుడూ ఇంతే. మర్యాదంతా మాటల్లోనే. పెళ్ళిలో నన్ను జనరేటర్ పక్కన పడేశారు," అన్నారు పొడుగాయన.

హెడ్మాస్టరుగారు కుర్చీలోంచి లేచారు. "అక్కడ ఒక్కచోటే ఫ్యాను ఆగకుండా తిరిగేది! ఆ కుర్చీ మీకోసమని నేనే పొద్దున్నుంచి కాపలా కాశాను. మా అన్నయ్య కూర్చోబోతే లేపాను."

పొడుగాయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "ఫ్యాను ఉన్నమాట నిజమే," అన్నారు చివరికి.

పేర్ల చిక్కు తీర్చింది మాత్రం మన హైదరాబాదు అబ్బాయే. "అంకుల్, నేనొక పని జేస్త. ఒకసారి ముట్టుకుంటె మీ పేరు ముందొస్తది, ఇంకోసారి ముట్టుకుంటె ఆయన పేరు ముందొస్తది," అని ల్యాప్‌టాప్ విప్పి అక్కడే చేసేశాడు. బస్తా తీసేసి, అక్కడ పట్టుబట్టల తాను బొమ్మ గీసి పెట్టాడు. ముసలాళ్ళిద్దరూ సరిగ్గా మారుతోందా లేదా అని అనుమానంగా నొక్కుతూనే ఉన్నారు. మ్యూజియంలో ముట్టుకోకండని నేను అననిది ఆ ఒక్కరోజే.

సామాను సర్దుకుంటుంటే హెడ్మాస్టరుగారు నన్నడిగారు. "మీకు బెసాన్ ఉన్నారా మేడమ్?"

"ఉన్నారు. మా అమ్మాయి ఇక్కడి అబ్బాయినే చేసుకుంది. వాళ్ళమ్మగారు ఐఫెల్ కొండల వైపు ఒక పల్లెలో ఉంటారు."

"పోట్లాడుకుంటారా?"

"లేదండీ. ఒకరినొకరు మీరు మీరు అనుకుంటాం. వాతావరణం గురించి మాట్లాడుకుంటాం."

"పాపం," అన్నారాయన.

ఆదివారం పొద్దున హాలు నిండిపోయింది. ఉపన్యాసాలు మొదలవబోతుంటే పొడుగాయన నా దగ్గరికొచ్చి, భేరిని ఒక్కసారి మోగించవచ్చా అన్నారు. ఇలాంటిది మా వృత్తిలో అడగకూడదు, వినకూడదు. క్యూరేటరమ్మ భయంగా నాకేసి చూసింది. నేను చేతిలోని కాగితాన్ని చూసుకున్నాను. నా సంతకం ఇంకా పడలేదు.

"ఇప్పటికింకా అది మీదేనండీ. మీ భేరి, మీ ఇష్టం. నాకు మాత్రం కలం ఎక్కడో పడిపోయింది, వెతుక్కుని వస్తాను," అని పక్కకు తిరిగాను.

అటొకరు ఇటొకరు నిలబడి ఇద్దరూ కలిసి కొట్టారు. ఆ శబ్దం చెవుల్లోకంటే ముందు అరికాళ్ళలోకి వచ్చింది. అద్దాల పెట్టెలు జివ్వుమన్నాయి. ఎంబసీ ఆయన చేతిలో గ్లాసు తొణికింది. హాలంతా బిక్కచచ్చిపోయి ఉండగా, వెనకనుంచి మా వర్క్‌షాపు పెద్ద పుట్టు బుద్ధి ఆపుకోలేక "కొలోన్, ఆలాఫ్!" అని కార్నివాల్ కేక పెట్టాడు. కొలోన్‌లో ఆ కేక వినిపిస్తే బదులు పలకకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. సూట్లు వేసుకున్న పెద్దమనుషులందరూ "ఆలాఫ్!" అన్నారు. పొడుగాయన గుండెమీద చెయ్యి పెట్టుకుని అందరికీ తల వంచారు. అది జర్మన్‌లో ఏదో దీవెన అనుకున్నారని తరవాత తెలిసింది. నేను దిద్దలేదు. కలం దొరికిందని చెప్పి సంతకం పెట్టాను.

క్యూరేటరమ్మ కాంట్రాక్టు పొడిగించారు. మసీదు కప్పుకి పెంకులే వేస్తున్నామని, రేకులు వంటశాలకి వాడుతున్నామని హెడ్మాస్టరుగారు తరవాత ఫోన్‌లో చెప్పారు. వెనకనుంచి పొడుగాయన ఏదో దిద్దుతున్న గొంతు వినిపించింది.

ఎగ్జిబిషన్ ముగియడానికి ముందు ఒక ఆదివారం మా వియ్యపురాలు మనవణ్ణి తీసుకుని చూడటానికి వచ్చింది. బేకరీ కౌంటర్లో పనిచేసి రిటైరైన మనిషి. మా పిల్లల పెళ్ళయి ఆరేళ్ళయినా నన్ను ఇంటిపేరు ముందు 'ఫ్రావ్', అంటే శ్రీమతి, అని చేర్చి పిలిచేది, నేనూ ఆవిణ్ణి అలాగే పిలిచేదాన్ని. మనవడు స్క్రీన్ మీద పేర్లు మార్చుకుంటూ ఆడుతుంటే, ఆవిడ పక్కన గోడమీద బెసాన్ అంటే ఏమిటో రాసిపెట్టిన పలక నిలబడి చదివింది. వాళ్ళ పద్ధతిలో మొదటినుంచి చివరిదాకా, ఒక్క మాట వదలకుండా చదివింది.

"ఇది ఆడవాళ్ళకి కూడా వర్తిస్తుందా?" అంది.

"వర్తిస్తుంది."

"అంటే మీరు నాకు ఒక చుట్టం."

"అవును. మా భాషలో వియ్యపురాలంటారు."

"ఇన్నాళ్ళూ నేను మిమ్మల్ని మా కోడలి తల్లి అని చెప్పుకుంటున్నాను," అంది, నష్టపోయినట్టు. తరవాత ఆ మాట పలకాలని చూసింది. 'వియ్యా' వరకు వచ్చి ఆగిపోయింది. కింద కెఫేలో కాఫీ తాగుతూ, కప్పు కింద పెట్టి, చెయ్యి చాచి, తన మొదటి పేరు చెప్పింది. జర్మన్లలో పెద్దవాళ్ళు అలా చెప్పారంటే ఇకనుంచి నువ్వు అనుకుందామని అర్థం. నేనూ నా పేరు చెప్పి చెయ్యి కలిపాను. మనవడు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఓమా, మీకు ఇంతవరకు ఒకరి పేరొకరికి తెలియదా?" అని నాయనమ్మని చూసి జర్మన్‌లో ఆశ్చర్యపోయాడు.

తరవాతి వారం, గురువారం అనుకుంటాను, పొద్దున్నే ఫోన్ మోగింది. వియ్యపురాలే. నమస్కారం లేదు, వాతావరణం లేదు. "నిన్న పిల్లాణ్ణి కీటా బడి నుంచి తెచ్చింది నువ్వేనా? చెవులు బయటికి కనబడేలాగా టోపీ పెట్టేది? ఇది మీ కాకినాడ అనుకున్నావా?" అంది.

"పెంచినదాన్ని నేను, నాకు టోపీ పెట్టడం నేర్పుతావా? మీ ఇంట్లో వాడికి రాత్రిపూట వట్టి రొట్టెముక్క పెట్టి పడుకోబెడతావుటగా, దాని సంగతి చెప్పు ముందు," అన్నాను. ఆవిడ అంది, నేనూ అన్నాను. చివరికి ఆవిడే ఫోన్ పెట్టేసింది.

నేను రొప్పుతూ సోఫాలో కూలబడ్డాను. మావారు పేపరు దించి చూశారు.

"ఎవరు?"

"మీ వియ్యపురాలు. నామీద అరిచి ఫోన్ పెట్టేసింది."

ఆయన తీరిగ్గా పేపరు మడిచి పక్కన పెట్టారు. "పోనీలే," అన్నారు. "ఇప్పటికి అమ్మాయి పెళ్ళి పూర్తయింది."